పంపింగు 30 అన్నారు: ఎకో చూసి హఠాన్మరణాన్ని ఎంతవరకు చెప్పగలం?

రాయగడ నుంచి ఒక పెద్దకొడుకు అడిగిన ప్రశ్న ఇది. నాన్నగారికి 58 ఏళ్లు. పోయిన నెల గుండెపోటు వస్తే రాత్రికి రాత్రి విశాఖ తీసుకెళ్లి స్టెంటు వేయించారు. నాలుగో రోజు తీసిన ఎకో (శబ్ద తరంగాలతో గుండెని చూసే స్కాను) రిపోర్టులో పంపింగు 30 శాతం అని ఉంది. ఇంటికొచ్చాక తెలిసినాయన ఒకరు ఆ కాగితం చూసి, "ఇంత తక్కువుంటే నిద్రలోనే ప్రాణం పోవచ్చు, ఆలస్యం చేయకుండా షాకిచ్చే బాక్సు పెట్టించండి" అన్నారట. గుండె లయ తప్పితే లోపలి నుంచే షాకిచ్చి సరిచేసే చిన్న పరికరం అది, ఛాతీలో పెడతారు. అప్పట్నుంచి ఇంట్లో ఎవరికీ నిద్ర లేదు. దానికి తోడు ఆరేళ్ల కిందట వాళ్ల చిన్నాన్న 34 ఏళ్లకే పొలంలో కుప్పకూలి పోయారు. 27 ఏళ్ల తమ్ముడు రోజూ సాయంత్రం వాలీబాల్ ఆడతాడు. పోయిన ఎండాకాలంలో ఆడుతూ ఆడుతూ ఒకసారి స్పృహ తప్పి పడ్డాడు. "ఇంటిల్లిపాదికీ ఎకో తీయిస్తే ఎవరికి ముప్పుందో తేలిపోతుందా సార్?" అని అడిగారు.

బాబూ, నేను బరంపురంలో ఇరవై రెండేళ్లుగా గుండె డాక్టరుగా ఉన్నాను. ఈ ప్రశ్న రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి, కాశీనగర్, అటు ఇచ్ఛాపురం, సోంపేట నుంచి వచ్చే తెలుగువాళ్లందరి నోటా వింటూనే ఉన్నాను. రిపోర్టు ఇంగ్లీషులో ఉంటుంది, చెప్పేవాళ్లు ఒడియాలో చెబుతారు, ఇంటికెళ్లి తెలుగులో చెప్పుకునేసరికి భయం ఒక్కటే మిగులుతుంది. అందుకని కాస్త పొడుగైనా విడమరిచి రాస్తున్నాను.

మీరు అడిగినదానికి జవాబు: తేలిపోదు. ఎవరి గుండె కండలో ప్రాణాంతకమైన దడ పుట్టడానికి చోటుందో ఎకోలో కొంతవరకు తెలుస్తుంది, అంతే. ఇంకో మాట కూడా ముందే చెప్పేస్తాను. మీరు రాసినదంతా చదివాక నా కళ్లు ఆగింది నాన్నగారి 30 దగ్గర కాదు, తమ్ముడు "ఆడుతూ ఆడుతూ పడ్డాడు" అన్నచోట. దాని దగ్గరికి వస్తాను. ముందు నాన్నగారి సంగతి.

పంపింగు అంకెను మనవాళ్లు పరీక్ష మార్కుల్లా చదువుతారు. నూటికి ముప్ఫై అంటే ఫెయిలనుకుంటారు. అరవై వచ్చినవాళ్లు కూడా "అయితే నలభై పాడైపోయిందా సార్" అని కళ్లనీళ్లు పెట్టుకోవడం నేను చూశాను. వందకు వంద ఎవరికీ రాదు. గుండె ఎడమ కిందిగది నిండా రక్తం ఉన్నప్పుడు, ఒక్కసారి ముడుచుకుంటే అందులో ఎంత భాగం బయటికి పోతుందో ఆ శాతమే పంపింగు. రిపోర్టులో ఎల్వీఈఎఫ్ అని రాసేది దాన్నే. 120 మిల్లీలీటర్లు నిండి 72 బయటికి పోతే 60 శాతం. మగవాళ్లకి 52 నుంచి 72 దాకా, ఆడవాళ్లకి 54 నుంచి 74 దాకా మామూలే.

ఆ అంకె ఎలా పుడుతుందో కూడా తెలుసుకోండి. మనిషిని ఎడమ పక్కకి తిప్పి పడుకోబెట్టి, ఛాతీ మీద జెల్లీ రాసి, పక్కటెముకల సందులో ప్రోబ్ ఆనిస్తాం. లైట్లు తగ్గిస్తాం. తెర మీద గది నిండినప్పుడు ఒకసారి, ముడుచుకున్నప్పుడు ఒకసారి బొమ్మని ఆపి, లోపలి గోడ అంచు వెంబడి చేత్తో గీత గీస్తాం. రెండు కోణాల్లో గీస్తే మెషీను లెక్క కట్టి అంకె ఇస్తుంది. చుట్ట, బీడీ తాగి ఊపిరితిత్తులు ఉబ్బినవాళ్లలోనూ, బాగా లావుగా ఉన్నవాళ్లలోనూ ఆ అంచు మసక మసగ్గా కనిపిస్తుంది. ఒక డాక్టరు గీత కొంచెం లోపలికి పోతుంది, ఇంకొకరిది బయటికి పోతుంది. అదే మనిషికి అదే రోజు ఒకరు 30 అని, మరొకరు 36 అని రాస్తే ఇద్దరూ నిజాయితీగానే రాసి ఉండవచ్చు. గీతే గీయకుండా కంటి అంచనాతో రాసే చోట్లు కూడా ఉన్నాయి. కాబట్టి ఒక్క కాగితం మీది ఒక్క అంకెతో జీవితాంతం ఛాతీలో ఉండే పరికరం గురించి నిర్ణయం తీసుకోకూడదు.

అసలు ఇబ్బంది అంకె కంటే తేదీతో ఉంది. నాలుగో రోజు తీసిన ఎకో అది. రక్తనాళం మూసుకుపోయినంతసేపూ కండకి రక్తం అందలేదు. స్టెంటుతో దారి తెరిచాక కొంత కండ చచ్చిపోయి ఉంటుంది, కొంత బతికే ఉండి మొద్దుబారి ఉంటుంది. నాలుగో రోజు తెర మీద రెండూ ఒకేలా కనిపిస్తాయి, రెండూ కదలవు. మొద్దుబారిన కండ తేరుకోవడానికి వారాలు పడుతుంది. అందుకే గుండెపోటు తర్వాత కనీసం 40 రోజులు, స్టెంటు వేసినా బైపాస్ చేసినా 90 రోజులు, మందులు సరిగ్గా వాడాక మళ్లీ ఎకో తీసి అప్పుడు మాట్లాడుకుంటాం. 30 ఉన్నవాళ్లు మూడు నెలలకి 42, 45కి వచ్చిన రిపోర్టులు నా దగ్గరకి తరచూ వస్తుంటాయి. అందరికీ అలా పెరుగుతుందని చెప్పను. చచ్చిన కండ ఎక్కువైతే పెరగదు.

"ఆ మూడు నెలల్లోనే ఏమైనా అయితే?" అని మీరు అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. వైద్యులకీ అదే అనుమానం వచ్చి పరీక్షించి చూశారు. పంపింగు 35, అంతకన్నా తక్కువ ఉన్న 674 మందిని తీసుకుని, గుండెపోటు వచ్చిన 6 నుంచి 40 రోజుల లోపలే కొందరికి బాక్సు పెట్టారు, మిగతావాళ్లకి పెట్టలేదు. దాని ఫలితాలు 2004లో వచ్చాయి. బాక్సు ఉన్నవాళ్లలో లయ తప్పి పోయినవాళ్లు తగ్గారు, కానీ ఇతర కారణాలతో పోయినవాళ్లు పెరిగారు. మొత్తం మీద చూస్తే మరణాల్లో తేడా రాలేదు. అందుకే ఇప్పుడే బాక్సు అన్న ఆ తెలిసినాయన మాట మీ నాన్నగారికి వర్తించదు. ఒక్క మినహాయింపు ఉంది. గుండెపోటు వచ్చి రెండు రోజులు దాటాక ఆస్పత్రిలో వీటీ, వీఎఫ్ అనే దడ వచ్చి షాకు ఇవ్వాల్సి వచ్చిందా? డిశ్చార్జి కాగితంలో ఆ అక్షరాలు ఉన్నాయేమో చూడండి. ఉంటే లెక్క వేరు, ఈ వారమే గుండె డాక్టరుని కలవాలి.

ఈ మూడు నెలలూ నాన్నగారికి కాపలా మందులే. మెటోప్రొలాల్ లాంటి బీటా బ్లాకరు, స్పైరనోలాక్టోన్ లాంటివి ఆయాసం తగ్గించడమే కాదు, హఠాన్మరణాన్ని కూడా తగ్గిస్తాయి. మన సరిహద్దు ఊళ్లలో జరిగే పొరపాటు ఒకటుంది. విశాఖలో రాసిన కంపెనీ పేరు ఇక్కడి మందుల షాపులో దొరకదు. "ఇది లేదు, వచ్చే వారం రండి" అంటారు. ఆ వారం రెండు వారాలవుతుంది. కంపెనీ పేరు పట్టుకుని వెతక్కండి, మందు పేరు, మిల్లీగ్రాములు చీటీ మీద రాసుకుని వెళ్లండి. ఇక ఆస్ప్రిన్‌తో పాటు ఇచ్చిన రెండో రక్తం పలచన మందు ఒక్క రోజు కూడా తప్పకూడదు, స్టెంటు మూసుకుపోతుంది.

మూడు నెలల తర్వాత కూడా 30 లోపే ఉంటే, లేదా 35 లోపు ఉండి నడిస్తే ఆయాసం వస్తుంటే, అప్పుడు ఐసీడీ అనే ఆ బాక్సు గురించి కూర్చుని మాట్లాడాలి. అప్పుడు కూడా 30 అంటే ఏమిటో ఒక లెక్క చెబుతాను. 2002లో వచ్చిన మాడిట్-2 అధ్యయనంలో గుండెపోటు వచ్చి పంపింగు 30, అంతకు లోపు ఉన్నవాళ్లు 1,232 మందిని సగటున 20 నెలలు గమనించారు. బాక్సు లేనివాళ్లలో నూటికి ఇంచుమించు 20 మంది, ఉన్నవాళ్లలో 14 మంది చనిపోయారు. నూటికి ఆరుగురి ప్రాణం నిలిచింది, అది చిన్న విషయం కాదు. అయితే బాక్సు లేకపోయినా 80 మంది బతికే ఉన్నారు, వాళ్లందరిదీ ఇదే అంకె. అంకె ఒక గుంపు సంగతి చెబుతుంది. ఆ గుంపులో మీ నాన్నగారు ఎటువైపో దానికి తెలియదు.

పంపింగు తగ్గితే గుండె ఎందుకు ఆగుతుంది అని చాలామంది అడుగుతారు. నెమ్మదిగా నీరసించి ఆగదు, దాని కథ వేరు. పొలంలో నీళ్లు పెట్టినప్పుడు చూడండి, మడి చదునుగా ఉంటే నీరు ఒక చివర నుంచి ఇంకో చివరకి ఒకేలా పారుతుంది. మధ్యలో దిబ్బ ఉంటే దాని చుట్టూ తిరుగుతుంది, సందుల్లో దూరి నెమ్మదిగా ఇవతలికొచ్చి మళ్లీ మొదటిచోటికే చేరుతుంది. గుండెలో కరెంటు కూడా అంతే. గుండెపోటుతో చచ్చిన కండ మచ్చగా మారి దిబ్బలా నిలుస్తుంది. కరెంటు ఆ మచ్చ చుట్టూ సుడి తిరగడం మొదలుపెడితే గుండె నిమిషానికి 180, 200 సార్లు కొట్టుకుంటుంది. అదే వీటీ. అది ఇంకా చెదిరిపోతే కొట్టుకోవడం మానేసి వణుకుతుంది, అది వీఎఫ్. వణికే గుండె రక్తాన్ని బయటికి తోయలేదు. పది పదిహేను సెకన్లలో మనిషి పడిపోతాడు. ఎకోలో మేం చూసేది ఆ మచ్చ జాడని: గోడ ఎక్కడ పలచబడింది, ఎక్కడ కదలడం లేదు, కొన చివర ఎక్కడ బుడగలా ఉబ్బింది. పంపింగు తగ్గిందంటే మచ్చ పెద్దదై ఉండవచ్చని అర్థం. అది పరోక్షంగా వచ్చిన ఆధారమే, మచ్చని సూటిగా చూపేది ఎంఆర్ఐ.

ఇక్కడ అందరూ తెలుసుకోవాల్సిన సంగతి ఒకటుంది. అమెరికాలోని ఆరెగాన్‌లో సుమీత్ చుగ్ అనే గుండె వైద్యుడి బృందం ఒక పట్టణ ప్రాంతంలో జరిగిన హఠాన్మరణాలన్నిటినీ వెతికి లెక్క కట్టింది. 2006లో వాళ్లు ప్రచురించిన దాని ప్రకారం, చనిపోకముందు పంపింగు కొలిచి ఉన్నవాళ్లలో బాగా తగ్గినవాళ్లు నూటికి 30 మందే. కొద్దిగా తగ్గినవాళ్లు 22. మిగిలిన 48 మందికి పంపింగు మామూలుగానే ఉంది. అంటే పంపింగు బావుందని ఇంటికి పంపినవాళ్లలో కూడా ఈ మరణాలు జరుగుతున్నాయి.

2021 అక్టోబరులో కన్నడ నటుడు పునీత్ రాజ్‌కుమార్ 46 ఏళ్లకే పోయినప్పుడు, తర్వాతి వారాల్లో మా దగ్గర కుర్రాళ్లు వరసకట్టారు. చాలామందికి ఎకో మామూలుగా వచ్చింది, ఊపిరి పీల్చుకుని వెళ్లిపోయారు. వాళ్లకి చెప్పిందే మీకూ చెబుతున్నాను. పడుకోబెట్టి తీసిన ఎకోలో రక్తనాళాల్లో ఉన్న కొవ్వు అడ్డంకి కనిపించదు. నాళం 70 శాతం మూసుకున్నా, విశ్రాంతిలో ఉన్నప్పుడు కండ చక్కగానే కదులుతుంది. ఈ రోజు ఎకో నార్మల్, రేపు గుండెపోటు – ఇది డాక్టరు తప్పు కానక్కర్లేదు, ఆ పరీక్ష పరిమితే అంత. సిగరెట్టు తాగేవాడు, షుగరు ఉన్నవాడు, తండ్రికి చిన్న వయసులో గుండెపోటు వచ్చినవాడు "ఎకో నార్మల్" కాగితాన్ని తాయెత్తులా దాచుకుంటే అది కాపాడదు.

ఎకో అసలు దేన్ని చూస్తుందో దాని పుట్టుకలోనే ఉంది. 1953 అక్టోబరు 29న స్వీడన్‌లోని లుండ్‌లో ఎడ్లర్ అనే వైద్యుడు, హెర్ట్జ్ అనే భౌతికశాస్త్రవేత్త కలిసి మొదటిసారి గుండె కదలికను శబ్ద తరంగాలతో రికార్డు చేశారు. వాళ్లు వాడింది ఓడల తయారీలో లోహంలో పగుళ్లు వెతికే పరికరం. ఇప్పటికీ ఎకో చేసేది అదే, గోడల ఆకారం, మందం, కదలిక, కవాటాలు, రక్తప్రవాహం చూస్తుంది. కరెంటుని చూడలేదు.

దీన్ని నేను ఒక ఆడపిల్ల దగ్గర నేర్చుకున్నాను, చాలా ఆలస్యంగా. నేను ప్రాక్టీసు మొదలుపెట్టిన తొలి ఏళ్లలో పందొమ్మిదేళ్ల అమ్మాయిని వాళ్లమ్మ తీసుకొచ్చింది. అప్పుడప్పుడూ పడిపోతోంది, మూర్ఛ అని ఐదేళ్లుగా మాత్రలు మింగిస్తున్నారు. ఎవరో గుండె కూడా చూపించమన్నారట. ఎకో చేశాను, చాలా చక్కటి గుండె. "నార్మల్" అని రాసి, భయపడకండమ్మా అని పంపించాను. తెల్లవారుజామున అలారం మోగితే పడిపోతోందని, ఒకసారి ప్రెషరు కుక్కరు విజిలుకి కూడా పడిపోయిందని వాళ్లమ్మ చెబుతూనే ఉంది. నేను విన్నాను, కానీ దాన్ని పట్టుకోలేదు. గుండెలో కరెంటుని గీతల్లో చూపే ఈసీజీ అడగలేదు. నాలుగు నెలలకి ఆ పిల్ల తెల్లవారుజామున అలారం మోగాక మళ్లీ లేవలేదు. సంవత్సరం తిరిగాక వాళ్లమ్మ చిన్నకూతుర్ని తీసుకొచ్చింది. ఈసారి ముందు ఈసీజీ తీశాను. క్యూటీ అనే కొలత 440, 450 ఉండాల్సింది 510 ఉంది. లాంగ్ క్యూటీ, పుట్టుకతో వచ్చే కరెంటు జబ్బు. ఉన్నట్టుండి వచ్చే పెద్ద చప్పుడుకి లయ చెదిరిపోయే రకం. చిన్నపిల్లకి మందు పెట్టాను, ఆ ఇంట్లో ఫోన్లు, అలారాలు తీసేయించాను. ఆమె ఇప్పుడు ఇద్దరు పిల్లల తల్లి. అక్క ఎకో రిపోర్టు మీద నా సంతకం ఉంది. అప్పటి నుంచి, స్పృహ తప్పి పడ్డాడు అన్న మనిషికి ఈసీజీ చూడకుండా నేను ప్రోబ్ ముట్టుకోను.

ఇప్పుడు తమ్ముడి దగ్గరికి వస్తాను. పడిపోవడాలన్నీ ఒకటి కావు. ఎండలో చాలాసేపు నిలబడి, కడుపులో తిప్పి, చెమట పట్టి, కళ్ల ముందు చీకటి కమ్మి మెల్లగా జారితే అది సాధారణంగా ప్రమాదం లేనిదే. ఆట ఆపేసి పక్కన కూర్చున్నాక పడ్డా కొంత నయం. బంతి కొడుతూ, పరిగెడుతూ ఉండగానే ఏ సూచనా లేకుండా దబ్బున పడి, ముఖానికి దెబ్బ తగిలి, నిమిషంలో మామూలుగా లేచి "ఏమయింది?" అని అడిగితే మాత్రం అది గుండెలోంచి వచ్చిందే అని రుజువయ్యేదాకా అలాగే అనుకోవాలి. ఆ రోజు పక్కనున్న స్నేహితుల్ని అడగండి, తమ్ముణ్ణి కాదు. పడినవాడికి తెలియదు.

ఎకో నిజంగా దిట్టగా పనిచేసే చోటు ఇదే. కాశీనగర్ దగ్గర రైస్ మిల్లులో బస్తాలు మోసే 31 ఏళ్ల మనిషి ఒకతను వచ్చాడు. బస్తాతో పలక ఎక్కుతూ రెండుసార్లు పడ్డాడు. గాలి సోకిందని భూతవైద్యం చేయించారు, తాయెత్తు ఇంకా మెడలో ఉంది, ప్రోబ్‌కి అడ్డం వస్తే వాళ్లావిడ దాన్ని వీపు వైపుకి తిప్పి పట్టుకుంది. ఈసీజీ చూడగానే అనుమానం వచ్చింది. తెర మీద రెండు గదుల మధ్య గోడ మామూలుగా 10, 11 మిల్లీమీటర్లు ఉండాలి, అతనికి 26. ముడుచుకున్నప్పుడు ఎడమ గది సన్నటి చీలికలా మిగులుతోంది. అతని పంపింగు 72! ఆ ఒక్క అంకె చూసినవాడు చాలా బలమైన గుండె అంటాడు. ఊపిరి బిగబట్టి గట్టిగా ముక్కమన్నాను. రక్తం బయటికెళ్లే దారి దగ్గర ఒత్తిడి తేడా 20 నుంచి 80కి లేచింది. ఎడమ పైగది 46 మిల్లీమీటర్లకి ఉబ్బి ఉంది. "మీ ఇంట్లో చిన్నప్పుడే పోయినవాళ్లు ఉన్నారా?" అని అడిగితే ఆవిడే చెప్పింది, "మా బావగారు, ఈయన అన్న, ఇరవై ఎనిమిదేళ్లకే పోయాడు బాబూ, పెళ్లి ఊరేగింపులో డాన్సు చేస్తా పడిపోయాడు."

ఇది హైపర్‌ట్రోఫిక్ కార్డియోమయోపతి, కండ కారణం లేకుండా మందమయ్యే వంశపారంపర్య జబ్బు. 500 మందిలో ఒకరికి ఉంటుంది. ఈ జబ్బులో ముప్పు లెక్కించడానికి యూరప్ వైద్యులు 2014లో ఒక సూత్రం ఇచ్చారు. అందులో ఏడు విషయాలుంటాయి. వాటిలో మూడు సూటిగా ఎకో నుంచి వస్తాయి: గోడ మందం, ఎడమ పైగది కొలత, దారి దగ్గర ఒత్తిడి తేడా. మిగతావి వయసు, ఇంట్లో హఠాన్మరణాలు, కారణం తెలియని స్పృహ తప్పడం, 24 గంటలు ఒంటికి తగిలించి ఉంచే ఈసీజీ, అంటే హోల్టరులో దొరికే దడ. ఐదేళ్లలో ముప్పు 6 శాతం దాటితే బాక్సు గురించి గట్టిగా ఆలోచించాలి, 4 లోపు ఉంటే సాధారణంగా అక్కర్లేదు. అతనిది 6 ఎప్పుడో దాటేసింది. విశాఖలో బాక్సు పెట్టించుకున్నాడు, బస్తాలు మానేసి అదే మిల్లులో కాటా దగ్గర కూర్చుంటున్నాడు. మూడో ఏడు సంక్రాంతి ముందు అది ఒకసారి షాకిచ్చింది. పడ్డాడు, లేచాడు, మర్నాడు నా దగ్గరికి వచ్చాడు.

మన దక్షిణాసియా వాళ్లకి సంబంధించిన విషయం ఇంకొకటి 2009లో బయటపడింది. గుండె కండలోని ఒక ప్రోటీను తయారుచేసే ఎంవైబీపీసీ3 అనే జన్యువులో 25 అక్షరాలు ఊడిపోయిన మార్పు మన జనంలో నూటికి నలుగురిలో ఉంది. అది ఉన్నవాళ్లందరికీ జబ్బు రాదు, వచ్చినా చాలామందిలో నడివయసులో బయటపడుతుంది. అందుకని 27 ఏళ్లప్పుడు ఎకో మామూలుగా ఉంటే 45కి కూడా అలాగే ఉంటుందని కాదు.

చిన్నాన్న విషయం మీరు ఒక్క వాక్యంలో రాశారు. పొలంలో పోయారు అన్నంతమాత్రాన గుండే అనలేను. 34 ఏళ్లకి మామూలు గుండెపోటు మనవాళ్లలో వింత కాదు, ముఖ్యంగా పొగ తాగేవాళ్లలో. వడదెబ్బ, పాము, పురుగుమందు కూడా ఆలోచించాలి. ఏ నెల, ఏ వేళ, అంతకుముందు ఛాతీ నొప్పి అన్నారా, నోట్లో నురగ వచ్చిందా, పిన్నిగారిని మెల్లగా అడగండి. ఎప్పుడైనా ఆపరేషను కోసమో ఉద్యోగం కోసమో తీసిన పాత ఈసీజీ ట్రంకు పెట్టెలో ఉందేమో చూడండి. ఒక్క పాత కాగితం పది కొత్త పరీక్షల కంటే ఎక్కువ చెప్పిన సందర్భాలు ఉన్నాయి.

ఇంకొకటి, మీరు అడగనిది. చిన్నాన్నగారికి పిల్లలున్నారా? ఈ జబ్బులు తల్లిదండ్రుల నుంచి పిల్లలకి సగం అవకాశంతో దిగుతాయి. చిన్నాన్నది వంశపారంపర్యమైతే మొదట చూడాల్సింది ఆయన పిల్లల్ని, తర్వాతే మీ ఇంటిని. మీ నాన్నగారు ఆయన సొంత అన్న కాబట్టి, నాన్నగారి ఎకోలో గుండెపోటు తగలని గోడల మందం ఎంత రాశారో చూడండి. అవి 10, 11 ఉంటే మీ అన్నదమ్ములకి ఆ జబ్బు వచ్చే అవకాశం బాగా తగ్గుతుంది. తమ్ముడు ఆటలో పడిపోవడాన్ని మాత్రం అది తుడిచేయదు. చిన్నాన్న పిల్లలకి ఒకసారి చూసి వదిలేయకూడదు. జబ్బు ఉందని తేలిన ఇంట్లో అయితే పిల్లలకి ఏడాదికో రెండేళ్లకో, పెద్దయ్యాక మూడు నుంచి ఐదేళ్లకోసారి ఈసీజీ, ఎకో మళ్లీ తీయాలి.

స్ట్రెయిన్ ఎకో గురించి కూడా వినే ఉంటారు. కండలోని చిన్న చిన్న చుక్కల కదలికను మెషీను వెంబడించి ప్రతి ముక్కా ఎంత కుదించుకుందో చెబుతుంది. మైనస్ 18 నుంచి మైనస్ 20 మామూలు. మైనస్ చూసి కంగారు పడకండి, పొట్టి అవడాన్ని అలా రాస్తారు. ఒక ముక్క ముందు, ఒక ముక్క తర్వాత ముడుచుకుంటూ అంతా చెదిరి ఉంటే దాన్నీ మిల్లీసెకన్లలో కొలుస్తారు. నార్వేలో హౌగా అనే వైద్యురాలి బృందం ఈ చెదురు ఎక్కువున్నవాళ్లలో పంపింగు మరీ తగ్గకపోయినా దడలు ఎక్కువని చూపించింది. నాకు దీని మీద నమ్మకం ఉంది, అనుమానం ఉన్నచోట వాడతాను. అయితే బాక్సు పెట్టాలా వద్దా అన్న నిర్ణయం ఇప్పటికీ దీని మీద ఆధారపడి తీసుకోవడం లేదు. ఇది లేదని మీరు భువనేశ్వర్ దాకా పరిగెత్తక్కర్లేదు.

రాయగడ, కోరాపుట్ వైపు సికిల్ సెల్ (ఎర్ర రక్తకణాలు కొడవలిలా వంగే వంశపారంపర్య జబ్బు) ఉన్న కుటుంబాలు చాలా ఉన్నాయి. వాళ్లకి ఒక మాట. మీ ఎకోలో కుడి వైపు కవాటం దగ్గర వెనక్కి చిమ్మే రక్తం వేగం ఎంతుందో తప్పకుండా రాయించుకోండి. అది సెకనుకి 2.5 మీటర్లు దాటితే ముప్పు పెరుగుతుందని 2004 నుంచీ తెలుసు. పంపింగు బావుంది అని చెప్పి పంపే చోట ఈ కొలత తప్పిపోతోంది, అది నాకు చాలా బాధ కలిగిస్తుంది.

ఇంకో ప్రశ్న తరచూ వస్తుంది, మెషీను మా ఊరికి తెచ్చి అందరికీ తీయొచ్చు కదా అని. 1994 నాటి లింగ నిర్ధారణ నిరోధక చట్టం కింద ఎకోతో సహా స్కానింగు మెషీన్లకి రిజిస్ట్రేషను ఉంటుంది, నమోదైన చోటు నుంచి ఇష్టం వచ్చినట్టు తిప్పడానికి లేదు. ఆ చట్టం అవసరమే. పైగా ఊరంతటికీ ఎకో కంటే ఊరంతటికీ ఈసీజీ, బీపీ, షుగరు చూస్తే ఎక్కువ ప్రాణాలు నిలుస్తాయని నా అభిప్రాయం. ఇటలీ 1982 నుంచి ఆటగాళ్లందరికీ తప్పనిసరి చేసింది ఈసీజీనే. అక్కడి వెనెటో ప్రాంతంలో కుర్ర ఆటగాళ్ల హఠాన్మరణాలు రెండు దశాబ్దాలు దాటేసరికి 89 శాతం తగ్గాయి.

ఏ పరీక్షా అందరినీ పట్టుకోలేదు కాబట్టి మీ ఇంట్లో ఇద్దరైనా ఛాతీ నొక్కడం నేర్చుకోండి. మనిషి పడి, పిలిస్తే పలక్కుండా, ఊపిరి ఆడకుండా, లేదా చేప నోరు తెరిచినట్టు ఎగపీలుస్తూ ఉంటే ఒకరు 108కి ఫోను చేయాలి, ఇంకొకరు ఛాతీ మధ్య ఎముక మీద రెండు చేతులూ పెట్టి ఐదు సెంటీమీటర్ల లోతుకి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు ఆపకుండా నొక్కాలి. ఏమీ చేయకుండా గడిచే ప్రతి నిమిషానికీ బతికే అవకాశం నూటికి 7 నుంచి 10 వంతున పోతుంది. మీ వీధికి అంబులెన్సు వచ్చేసరికి ఎన్ని నిమిషాలు పడుతుందో మీకు తెలుసు. నోట్లో నీళ్లు పోయొద్దు, చేతిలో తాళాలు పెట్టొద్దు.

ఇప్పుడు మీరు చేయాల్సింది చెబుతాను. తమ్ముడికి ఈ వారంలోనే ఈసీజీ, ఎకో, ఆ తర్వాత హోల్టరు, డాక్టరు దగ్గరుండి చేసే ట్రెడ్‌మిల్ పరీక్ష కూడా అవసరం కావచ్చు. బరంపురంలో ఎంకేసీజీ ఆస్పత్రి ఉంది, కోరాపుట్‌లో మెడికల్ కాలేజీ ఉంది, విశాఖ మీకు అలవాటైన దారే. ఎక్కడైనా సరే, ఎకో చేసే డాక్టరుకి "ఆడుతూ పడ్డాడు, చిన్నాన్న 34కి పోయారు" అన్న రెండు మాటలూ ముందే చెప్పండి. అవి చెప్పకపోతే అతను పంపింగు చూసి పంపించేస్తాడు. రిపోర్టుతో పాటు ఎకో వీడియో కూడా పెన్ డ్రైవులో ఇమ్మని అడగండి. నాన్నగారికి స్టెంటు వేసిన తేదీకి 90 రోజులు లెక్క కట్టి క్యాలెండరు మీద గుర్తు పెట్టండి, ఆ ఎకో వీలైతే మొదట తీసిన చోటే తీయించండి. ఆయనకి మధ్యలో దడ వచ్చినా, కళ్లు తిరిగినా ఆ తేదీ దాకా ఆగకండి. తమ్ముడు మాత్రం ఈసీజీ, ఎకో రెండూ డాక్టరు చూసి సరే అనేదాకా కోర్టులోకి దిగకూడదు. సాయంత్రం స్నేహితులు పిలవడానికి వస్తారు, వాళ్లకి కూడా మీరే చెప్పండి.